సాయంత్రం ఆరు గంటల సూచన: నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సేవపై సమీక్ష

శీతాకాలంలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ పర్వతాల్లోకి స్కీలు కట్టుకునో, స్నోషూలు తొడుక్కునో వెళ్లేవారి కోసం నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ప్రతి సాయంత్రం ఆరు గంటలకల్లా మరుసటి రోజు మంచు చరియల ప్రమాద సూచనను వెలువరిస్తుంది. అమెరికా అటవీ శాఖ, దానితో కలిసి పనిచేసే ఒక లాభాపేక్ష లేని సంస్థ ఉమ్మడిగా నడిపే ఈ సేవకు రుసుము లేదు, సభ్యత్వమూ అక్కరలేదు. 1970ల మధ్యలో కనుమ రహదారుల రక్షణ కోసం జరిగిన పరిశోధన నుంచి పుట్టిన ఈ కేంద్రం నేడు ఒలింపిక్ పర్వతాల నుంచి ఆరెగాన్‌లోని మౌంట్ హుడ్ వరకు పది మండలాలకు వేర్వేరుగా సూచనలు రాస్తోంది. స్కీ టూరింగ్ (లిఫ్టులు లేకుండా స్కీలతో కొండెక్కి దిగడం) కోసం కొన్ని శీతాకాలాలుగా వీటి మీద ఆధారపడుతున్నాను కాబట్టి, ఇందులో నమ్మదగినది ఏది, లోటు ఎక్కడుంది, ఏ వరుసలో చదివితే నిజంగా ఉపయోగపడుతుంది అన్న సంగతులు వివరంగా చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను.

తెలుగులో ఎందుకు అంటే, సియాటిల్ శివార్లలోని బెల్వ్యూ, రెడ్మండ్, సమామిష్, బాథెల్ ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాలు చలికాలపు శనివారం తెల్లవారగానే ఐ-90 రహదారి పట్టుకుని స్నోక్వాల్మీ కనుమకు చేరుతున్నాయి. మొదటి ఏడాది పిల్లలతో జారుడు బండ్లు, రెండో ఏడాది స్కీ పాఠాలు, ఆ తరువాత కొందరికి లిఫ్టుల వరుసలు విసుగనిపించి, స్కీల అడుగున స్కిన్స్ (వెనక్కి జారకుండా పట్టునిచ్చే పట్టీలు) అతికించుకుని సొంత కాళ్లతో కొండెక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగాలన్న కోరిక కలుగుతుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే రిసార్టు సరిహద్దు తాడుకు లోపలి వైపు, స్కీ గస్తీ సిబ్బంది తెల్లవారుజామునే పేలుడు పదార్థాలతో ప్రమాదకరమైన మంచును ముందే కూలగొట్టి, ఆ తరువాతే లిఫ్టులు తెరుస్తారు. తాడుకు అవతల ఆ పని చేసేవారు ఎవరూ లేరు. అక్కడ మంచు ఎలా ఉందో తేల్చుకోవలసింది వెళ్లినవారే.

ఇక స్కీల జోలికి వెళ్లని వారి విషయం మరింత ఆందోళన కలిగిస్తుంది. స్నోక్వాల్మీ కనుమ దగ్గరి అల్పెంటల్ స్కీ ప్రాంతపు పార్కింగ్ నుంచి సోర్స్ లేక్ వైపు స్నోషూలతో నడిచే దారి చూడటానికి దాదాపు సమతలంగా, పిల్లలను సైతం తీసుకెళ్లవచ్చు అనిపించేలా ఉంటుంది. కానీ ఆ దారి స్నోక్వాల్మీ పర్వతపు నిట్టనిలువు వాలుల కింద, మంచు చరియలు దిగివచ్చే మార్గాలకు అడ్డంగా సాగుతుంది. మనిషి నడిచే చోటు చదునుగా ఉన్నంత మాత్రాన పైన ఉన్నది చదును కాదు. మన తెలుగువారికి మంచు చరియలు అనగానే గుర్తొచ్చేది సియాచిన్. 2016 ఫిబ్రవరి 3న అక్కడ పదిమంది మద్రాస్ రెజిమెంట్ సైనికులు మంచు కింద చిక్కుకున్నారు, వారిలో మన కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నారు. దాదాపు ఇరవై వేల అడుగుల ఎత్తున, సరిహద్దు శిబిరాల్లో మాత్రమే జరిగే విపత్తుగా అది మన మనసుల్లో నిలిచిపోయింది. సియాటిల్ నుంచి గంట ప్రయాణంలో, మూడు వేల అడుగుల ఎత్తున, కాఫీ ఫ్లాస్కుతో నడుస్తున్నప్పుడు కూడా అదే జరగవచ్చునన్న ఎరుక మనలో చాలామందికి లేదు. ఈ సూచనల మొదటి ప్రయోజనం ఆ ఎరుక కలిగించడమే.

పేజీ తెరవగానే కనిపించేది రంగు, దాని పక్కన ఒక అంకె. ఉత్తర అమెరికా అంతటా వాడే అయిదు స్థాయిల కొలమానం ఇది: 1 'లో' (తక్కువ), 2 'మోడరేట్' (ఓ మోస్తరు), 3 'కన్సిడరబుల్' (గణనీయం), 4 'హై' (ఎక్కువ), 5 'ఎక్స్‌ట్రీమ్' (అతి తీవ్రం). చెట్ల వరుస ముగిసే ఎత్తును ఆధారంగా తీసుకుని పైభాగం, మధ్యభాగం, దిగువభాగం అని కొండను మూడుగా విభజించి ఒక్కో దానికి ఒక్కో అంకె ఇస్తారు. రెండో స్థాయిలో చరియలు వాటంతట అవి పడే అవకాశం తక్కువ, మనిషి బరువుకు కదిలే అవకాశం మాత్రం ఉంటుంది. మూడో స్థాయిలో వాటంతట అవి పడవచ్చు, మనిషి బరువుకు కదిలే అవకాశం ఎక్కువగానే ఉంటుంది. నాలుగో స్థాయికి చేరితే ఏటవాలు ప్రదేశాల్లోకి అసలు వెళ్లకూడదు.

సమస్యంతా ఆ మూడో అంకెతోనే. అయిదింటిలో మూడు అంటే నడిమధ్య, కాబట్టి ఫరవాలేదని చదివేవారు అనుకుంటారు. కానీ ఈ స్థాయిలు సమానమైన మెట్లు కావు. ఒక స్థాయి నుంచి పై స్థాయికి ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. నాలుగు, అయిదు స్థాయిల రోజుల్లో గాలివాన భీకరంగా ఉండి ఎవరూ ఇల్లు కదలరు. మూడో స్థాయి రోజున తరచుగా ఆకాశం తేటపడి, కొత్త మంచు మెరుస్తూ, కొండ రమ్మని పిలుస్తున్నట్టు ఉంటుంది. అమెరికాలో ఏటా సగటున పాతికమందికి పైగా అవలాంచ్‌లలో చనిపోతుండగా, వాటిలో అధిక భాగం మూడో స్థాయి రోజుల్లోనే సంభవించడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. పైగా ప్రమాదాల్లో దాదాపు తొంభై శాతం సందర్భాల్లో చరియను కదిలించినది చిక్కుకున్న వ్యక్తో, అతని జట్టులోని మరొకరో. ప్రకృతి వచ్చి మీద పడటం అరుదు. ఇన్ని సంగతులను ఒక రంగు, ఒక అంకె మోయలేవు. సూచన మొత్తంలో అందరూ చూసేది ఆ అంకెనే అయినా, అన్నిటికన్నా తక్కువ సమాచారం ఉన్నదీ దానిలోనే.

ఈ సేవ అసలు విలువ ఆ అంకెకు దిగువన, 'అవలాంచ్ సమస్య' అన్న భాగంలో ఉంది. మంచు ఎంత ప్రమాదకరం అన్న ప్రశ్న పక్కనపెట్టి, ఎటువంటి ప్రమాదం, ఏ దిక్కుకు తిరిగిన వాలుల మీద, ఏ ఎత్తులో, ఎంత పరిమాణంలో అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. తొమ్మిది రకాల సమస్యలను గుర్తించి, ఆ రోజుకు వర్తించేవాటిని మాత్రమే చూపిస్తారు. ఎనిమిది దిక్కులు, మూడు ఎత్తులుగా విభజించిన ఒక చక్రంలో ప్రమాదమున్న గళ్లకు రంగు వేస్తారు. దాని పక్కనే చరియ పరిమాణం ఉంటుంది. మనిషిని పూడ్చి చంపగలిగేది రెండో పరిమాణం, కారును పూడ్చి చెక్క ఇంటిని కూల్చగలిగేది మూడో పరిమాణం. ఒకే మూడో స్థాయి రోజున రెండు భిన్నమైన చక్రాలు చూస్తే రెండు భిన్నమైన నిర్ణయాలు తీసుకోవలసి వస్తుంది.

ఉదాహరణకు సమస్య 'విండ్ స్లాబ్' అని, చక్రంలో ఉత్తరం నుంచి తూర్పు వరకు పైభాగపు గళ్లకు మాత్రమే రంగు ఉందనుకుందాం. పడమటి గాలి శిఖరపు ఒక వైపు మంచును ఎత్తి, రెండో వైపున గట్టి పలకలా పేర్చిందని దీని అర్థం. ఆకాశం నుంచి పడే మంచు కన్నా పది రెట్లు వేగంగా గాలి మంచును పోగు చేయగలదు. గంటకు పదిహేను ఇరవై మైళ్ల గాలి, తీసుకెళ్లడానికి కాస్త వదులు మంచు ఉంటే చాలు, చినుకంత మంచు కురవని రోజున కూడా ఒక వాలు ప్రాణాంతకమవుతుంది. అటువంటి రోజున దక్షిణపు వాలులో, చెట్ల మధ్య, శిఖరానికి దిగువన హాయిగా తిరగవచ్చు. అదే సమస్య 'పర్సిస్టెంట్ స్లాబ్' అయితే చెట్ల మధ్య కూడా భద్రత లేదు, నిన్న అక్కడ ఇద్దరు దిగారు కదా అన్న ధైర్యానికి కూడా అర్థం లేదు. ఎందుకంటే లోపలి బలహీన పొర మొదటి మనిషిని, రెండో మనిషిని, పదో మనిషిని భరించి, పదకొండో మనిషి పలుచని చోట కాలు మోపగానే వాలంతా ఒక్కసారిగా విరగవచ్చు. ఈ తేడాను ఒక సాధారణ పాఠకునికి రోజూ, విసుగు లేకుండా, సరళమైన వాక్యాల్లో చెప్పడం చిన్న పని కాదు. రెండేళ్ల పాటు ఈ భాగాన్ని శ్రద్ధగా చదివిన మనిషికి మంచు గురించి ఒక పాఠ్యపుస్తకం చదివినంత అవగాహన కలుగుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కాస్కేడ్‌ల పడమటి వాలుల మంచు సముద్ర ప్రభావం ఉన్న మంచు. పసిఫిక్ తేమ వల్ల అది బరువుగా, లోతుగా, సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. మౌంట్ బేకర్ స్కీ ప్రాంతంలో 1998–99 శీతాకాలంలో 1,140 అంగుళాల మంచు కురిసి ప్రపంచ రికార్డు నెలకొంది. స్థానికులు ఈ మంచును కాస్కేడ్ కాంక్రీట్ అని ముద్దుగానే పిలుచుకుంటారు. ఇటువంటి మంచుకు ఒక సుగుణం ఉంది: తుపాను సమయంలో ఏర్పడే బలహీన పొరలు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అతుక్కుపోతాయి. కొలరాడోలో నెలల తరబడి వెంటాడే పొరల బెడద ఇక్కడ తక్కువ. కానీ దానికి తగిన దుర్గుణమూ ఉంది, అది వాన. లోతైన కొత్త మంచు మీద వెచ్చని వాన పడితే గంటల్లోనే కొండ తీరు మారిపోతుంది. 1910 మార్చి 1 వేకువజామున స్టీవెన్స్ కనుమ దగ్గర వెల్లింగ్టన్ అనే రైల్వే స్థావరంలో, రోజుల తరబడి మంచులో చిక్కుకుపోయిన రైళ్లను వానతో కూడిన ఉరుముల గాలివాన మధ్య ఒక మంచు చరియ లోయలోకి నెట్టివేసి 96 మందిని బలిగొన్నది. అమెరికా చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువమందిని చంపిన అవలాంచ్ నేటికీ అదే.

ఈ కారణం చేతనే కేంద్రం ఇచ్చే పర్వత వాతావరణ సూచన, గంట గంటకు మారే టెలిమెట్రీ లెక్కలు (కొండ మీది స్వయంచాలక పరికరాలు పంపే కొలతలు) నాకు ప్రమాద సూచనతో సమానమైన విలువగలవిగా కనిపిస్తాయి. స్నోక్వాల్మీ కనుమ దీనికి చక్కని నిదర్శనం. పసిఫిక్ నుంచి అల్పపీడనం సమీపిస్తున్నప్పుడు, తూర్పున కొలంబియా మైదానంలో పేరుకున్న చల్లని గాలి ఈ కనుమ గుండా పడమటికి ప్రవహిస్తుంది. పైన ఆకాశంలో వెచ్చని గాలి వచ్చేసినా, కనుమ అడుగున మాత్రం చలి నిలిచి మంచు కురుస్తూనే ఉంటుంది. ఆ అల్పపీడనంతో వచ్చే ఫ్రంట్ (వేర్వేరు ఉష్ణోగ్రతల గాలుల సరిహద్దు) దాటగానే గాలి పడమటికి తిరుగుతుంది. ఒక్కోసారి గంట కూడా గడవకుండానే ఉష్ణోగ్రత పైకి లేచి, మంచు వానగా మారి, అప్పుడే కురిసిన వదులు మంచు మీద నీటి బరువు పడుతుంది. ఆ మార్పును ముందుగా పట్టిచ్చేవి టెలిమెట్రీ కేంద్రాలు. అల్పెంటల్ అడుగున మూడు వేల అడుగుల చిల్లర ఎత్తులో ఒకటి, డెన్నీ పర్వతం మీద దాదాపు 5,500 అడుగుల ఎత్తులో మరొకటి ఉన్నాయి. పైన వెచ్చగా, కింద చల్లగా చూపిస్తూ కనుమలో గాలి తూర్పు నుంచి వీస్తున్నంతసేపు ఆ మార్పు ఇంకా రాలేదని తెలుసుకోవచ్చు. గాలి దిక్కు మారిందా, ఇక ఏటవాలు కింద నిలబడే సమయం కాదు. ఏ యాప్‌లోని సాధారణ వాతావరణ సూచన ఈ సంగతి చెప్పదు. సూచన రాసేవారు మాత్రం మార్పు ఏ సమయానికి రావచ్చో, ఎంత అనిశ్చితి ఉందో విడమరిచి రాస్తారు.

శిఖరశ్రేణి దాటి తూర్పు వాలులకు, లెవెన్‌వర్త్, మిషన్ రిడ్జ్, వాషింగ్టన్ పాస్ వైపుకు వెళ్తే మంచు స్వభావం వేరు. అక్కడ మంచు పలుచన, చలి తీవ్రం. నేల వెచ్చదనానికీ ఉపరితలపు చలికీ మధ్య తేడా ఎక్కువైనప్పుడు పొరలోని రేణువులు ఒకదానికొకటి అంటుకోని పంచదార పలుకుల్లా మారతాయి. వాటి మీద తరువాతి తుపాను పేర్చిన మంచు వారాల తరబడి అమాయకంగా కూర్చుని ఉంటుంది. తేటగా, నిశ్చలంగా ఉన్న రాత్రుల్లో ఉపరితలం మీద ఏర్పడే ఈకల వంటి మంచు, వాన తరువాత గడ్డకట్టిన పెంకు, ఇవి కూడా తరువాతి మంచుకు జారుడు బల్లలవుతాయి. ఇటువంటి పొర ఒకటి పుట్టినప్పుడు కేంద్రం దానికి అది పూడిన తేదీని పేరుగా పెట్టి, సూచనలోని 'చర్చ' అన్న భాగంలో రోజుల తరబడి దాన్ని వెంబడించి, ఎక్కడ గుంత తవ్వితే కనిపించింది, ఎక్కడ కనిపించలేదు, ఇంకా విరుగుతున్నదా అన్నది రాస్తుంది. ఆ రచనలో నాకు నచ్చేది నిజాయితీ. తమకు స్పష్టత లేనప్పుడు లేదని రాస్తారు, ఈ మండలం నుంచి పరిశీలనలు తక్కువగా వచ్చాయి కనుక పాఠకులే మరింత జాగ్రత్త వహించాలని చెబుతారు. మనిషి ప్రాణం మీద సలహా ఇచ్చే ఏ సేవకైనా ఉండవలసిన గుణం అది.

అయినా సూచన కొండ మీది నిర్ణయానికి బదులు కాదు, అలా ఉద్దేశించినదీ కాదు. ఉదయం చదివినదాన్ని కళ్ల ముందున్న మంచుతో పోల్చి చూడటం వెళ్లేవారి పని. పలక వంటి చరియలు చాలావరకు 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదనే, ముఖ్యంగా 38 డిగ్రీలకు అటూ ఇటూగా విరుగుతాయి. రిసార్టులో కష్టమైనవని నల్ల వజ్రం గుర్తుతో చూపే స్కీ దారుల ఏటవాలు ఇంచుమించు అంతే ఉంటుంది కనుక, స్కీయింగ్‌లో నేర్పు పెరిగినవారు ఇష్టపడే వాలులే చరియలకూ ఇష్టమైనవి. వాలు కోణాన్ని రంగులతో చూపే పటం మీద ముందు రాత్రే దారిని పరిశీలించి, 30 డిగ్రీలు దాటని వాలులను, వాటి పైన కూడా ఏటవాలు లేని చోట్లను ఎంచుకుంటే ప్రమాదంలో సింహభాగం అక్కడే తొలగిపోతుంది. దారిలో తాజాగా పడిన చరియ కనిపించినా, స్కీ ముందు నుంచి మంచులో పగులు చీలుకుంటూ పోయినా, కాలి కింద మంచు 'ధుమ్'మని కుంగిన చప్పుడు వినిపించినా, సూచనలో ఏ అంకె ఉన్నా వెనక్కి తిరగాలి.

మంచులో గుంత తవ్వి చేసే పరీక్షల గురించి కొత్తవారు ఎక్కువ ఆసక్తి చూపుతారు. 90 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతుతో ఒక దిమ్మెను వేరుచేసి, ఒక చివర మీద పార ఉంచి, మణికట్టుతో పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది దెబ్బలు వేసి, పగులు దిమ్మె పొడవునా పాకుతుందో లేదో చూడటం వీటిలో ముఖ్యమైనది. పగులు పాకితే ఆ వాలుకు దూరంగా ఉండటానికి అది తగిన కారణం. పాకకపోతే మాత్రం ఆ ఒక్క గుంత గురించే తెలిసినట్టు, ఇరవై అడుగుల అవతల వేరుగా ఉండవచ్చు. వెళ్లవద్దని చెప్పడానికి గుంతను నమ్మవచ్చు, వెళ్లమని చెప్పడానికి నమ్మకూడదు. కేంద్రం వృత్తి పరిశీలకులు అనేక చోట్ల తవ్విన గుంతల చిత్రాలు, కొలతలు ఇదే వెబ్‌సైటులో పరిశీలనల భాగంలో దొరుకుతాయి. నా దృష్టిలో సొంతంగా తవ్విన ఒక గుంత కన్నా వాటిని చదివి వెళ్లడమే మేలు.

ఇక లోటుపాట్లు. మొదటిది సమయం. సాయంత్రం ఆరింటికి రాసిన సూచనను జనం మరునాడు తెల్లవారి, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా కూడా పట్టుకుని తిరుగుతారు. ముందు రాత్రి ప్రణాళిక వేసుకోవడానికి ఇది ఎంతో అనువైన సమయమే. కానీ పైన చెప్పిన గాలి మార్పు ఆరు గంటలు ముందుకో వెనక్కో జరిగితే, ఉదయానికి ఆ పేజీలోని సంగతులు పాతబడతాయి. స్విట్జర్లాండ్‌లో దావోస్ కేంద్రంగా పనిచేసే సంస్థ చలికాలంలో సాయంత్రం అయిదింటికి ఒకసారి, ఉదయం ఎనిమిదింటికి మరొకసారి, నాలుగు భాషల్లో సూచన ఇస్తుంది. ఆ దేశపు వనరులతో ఇక్కడి వనరులను పోల్చడం న్యాయం కాదని తెలుసు. అయినా స్నోక్వాల్మీ, స్టీవెన్స్ వంటి రద్దీ కనుమలకైనా వారాంతపు ఉదయాన రెండు వాక్యాల సవరణ క్రమం తప్పకుండా వెలువడితే చాలా మేలు జరుగుతుంది. అంతవరకు ఉదయం కారు ఎక్కే ముందు టెలిమెట్రీ చూడటం తప్పనిసరి అని భావించాలి.

రెండోది మండలాల విస్తీర్ణం. స్నోక్వాల్మీ, స్టీవెన్స్ కనుమలకు విడివిడిగా సూచనలు ఉండటం బాగుంది. కానీ తూర్పు, పడమటి వాలుల పెద్ద మండలాల్లో ఒక చివరి లోయకూ మరో చివరి లోయకూ మధ్య ఒకే తుపానులో అడుగు మంచు తేడా ఉండవచ్చు. ఆ మండలమంతటికీ ఒకటే చక్రం, ఒకటే అంకె. మూడోది కాలం. రోజువారీ సూచనలు సాధారణంగా ఏప్రిల్ నడిమికి ముగుస్తాయి. మౌంట్ రెయినియర్ మీద మ్యూర్ మంచుమైదానం, మౌంట్ ఆడమ్స్, సెయింట్ హెలెన్స్ వంటి అగ్నిపర్వతాల మీద టూరింగ్ అప్పుడే ఊపందుకుంటుంది. వసంతపు మంచు ఉదయం గట్టిగా, మధ్యాహ్నానికి ఎండకు నీరుగారి తడి చరియలకు సిద్ధమవుతుంది కాబట్టి, ఆ రోజుల్లో గడియారమే ముఖ్యమైన పరికరం. రాత్రి మంచు గడ్డకట్టకపోతే వెళ్లకపోవడమే సరైనది. నాలుగోది పదజాలం. మొదటిసారి చదివే మనిషికి ఈ పేజీ బెదురు పుట్టిస్తుంది. కేంద్రం ఉచితంగా నిర్వహించే అవగాహన తరగతులు ఆ బెదురు పోగొడతాయి, గంటా గంటన్నరలో పేజీ చదవడం వచ్చేస్తుంది. మన తెలుగు సంఘాలు సంక్రాంతి సంబరాలకు సభాస్థలం వెతికే రోజుల్లోనే, అటువంటి తరగతి ఒకటి మన పిల్లలకు, పెద్దలకు ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు.

సూచన ఎంత చక్కగా ఉన్నా చదివినవారు దాన్ని పక్కన పెడితే చేయగలిగింది లేదు. 2012 ఫిబ్రవరి 19న స్టీవెన్స్ పాస్ రిసార్టు సరిహద్దుకు వెలుపల టన్నెల్ క్రీక్ వాలులో దిగిన పెద్ద బృందంలో ముగ్గురు మరణించారు. వారు అనుభవం లేనివారు కాదు, ఆ కొండలను ఏళ్ల తరబడి ఎరిగినవారు, పరికరాలు ఉన్నవారు. నేటి సూచనల్లో వాక్యాలు ఎవరికి ఏం చేయాలో సూటిగా చెప్పే తీరులో ఉంటాయి. 'ఉత్తరపు వాలుల్లో గాలి పేర్చిన మంచు ఉంది' అని ఊరుకోకుండా, 'శిఖరపు అంచు దిగువన గుండ్రంగా ఉబ్బిన మంచుకు దూరంగా దిగండి' అని రాస్తారు. పెద్ద బృందంలో ఎవరూ నోరు విప్పని వేళ, ఎదురు చెప్పదలచిన ఒక్కరి చేతికి ఇటువంటి వాక్యం ఆధారమవుతుంది. జట్టులో అందరికన్నా కొత్తవారు ఫోనులో ఆ వాక్యం తీసి పైకి చదివితే, దాన్ని కాదనడానికి పాతవారికి కారణం కావాలి. అందుకే బయలుదేరే ముందు పార్కింగ్‌లోనే ఒకరు బిగ్గరగా చదవడం మా జట్టులో అలవాటు.

పరికరాల మాట క్లుప్తంగా చెబుతాను. ప్రతి ఒక్కరి ఒంటి మీద 457 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌సీవర్ (మంచు కింద పూడినవారిని వెతకడానికి సంకేతాలు పంపి, అందుకునే పరికరం), సంచిలో లోహపు పార, మంచులోకి గుచ్చి వెతికే రెండున్నర మీటర్ల ప్రోబ్ కడ్డీ ఉండాలి. ఫోనును ప్రసారంలో ఉన్న ట్రాన్స్‌సీవర్‌కు కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు ఎడంగా ఉంచాలి. స్విట్జర్లాండ్ ప్రమాదాల రికార్డుల ఆధారంగా 2024లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, పూర్తిగా పూడిపోయిన వారిలో మొదటి పది నిమిషాల్లో బయటికి తీయబడినవారు పదింట తొమ్మిదిమంది బతికారు. అరగంట దాటేసరికి ఆ సంఖ్య మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. హెలికాప్టర్ అరగంటలో రాదు. కాస్కేడ్‌లలో దట్టమైన చెట్లు ఉండటంతో ఊపిరాడకపోవడానికి ముందే దెబ్బలతో మరణించే ప్రమాదం కూడా తోడవుతుంది, దానికి ఏ ట్రాన్స్‌సీవరూ అడ్డు కాదు. కనుక పరికరాలు కొనడానికి వందల డాలర్లు వెచ్చించి, ఉచితంగా దొరికే సూచనను చదవకుండా వెళ్లడం నాకు అర్థం కాని విషయం.

భారతదేశంలో గుల్మర్గ్‌కో ఔలీకో స్కీయింగ్‌కు వెళ్లేవారి కోసం ఒక మాట. హిమాలయ ప్రాంతాలకు చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ప్రమాద సూచనలు ఇస్తుంది. అవి ప్రధానంగా సైన్యం, జిల్లా పాలనా యంత్రాంగాల అవసరాలకు ఉద్దేశించినవి. స్కీ టూరింగ్ చేసేవారికి కావలసిన దిక్కులవారీ, ఎత్తులవారీ వివరాన్ని నార్త్‌వెస్ట్ సెంటర్ వంటి చోట చదవడం నేర్చుకుంటే, ఎక్కడికి వెళ్లినా ఏ ప్రశ్నలు అడగాలో తెలుస్తుంది.

మొత్తం మీద ఈ సేవను అయిదుకు నాలుగున్నరగా లెక్కిస్తాను. తగ్గించిన అర ఉదయపు సవరణ కోసం. స్నోషూలతో సోర్స్ లేక్‌కు వెళ్లే కుటుంబం మొదటి పేరా, చక్రం చూసి, మూడో స్థాయి లేదా అంతకు మించి ఉంటే ఆ రోజుకు గోల్డ్ క్రీక్ చెరువు చుట్టూ ఉన్న చదును దారిని ఎంచుకుంటే చాలు, లోయ లోపలికి వెళ్లకుండా అక్కడే ఆగితే మంచిది. స్కీ టూరింగ్ చేసేవారు చర్చ భాగాన్ని నవంబరు నుంచే, తాము వెళ్లని రోజుల్లో కూడా చదవాలి. జనవరిలో విరిగే పొర డిసెంబరులోనే పుట్టి ఉంటుంది, మధ్యలో చదవడం మొదలుపెట్టినవారికి దాని చరిత్ర తెలియదు.

ఈ కేంద్రం బడ్జెట్‌లో విరాళాలకు చోటుంది కాబట్టి ఒక రోజు లిఫ్టు టికెట్టు ఖరీదు దానికి పంపడం సబబు. డబ్బు కన్నా విలువైనది మరొకటి కూడా మనం ఇవ్వగలం. వెబ్‌సైటులో ప్రజలు తమ పరిశీలనలు పంపే పత్రం ఒకటుంది. నిపుణులు కానక్కరలేదు. చరియ పడిన చోటు కనిపిస్తే దూరం నుంచి ఒక ఫోటో తీసి, వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది, సుమారు ఎంత ఎత్తు, ఎన్ని గంటలకు చూశారు అన్న మూడు సంగతులు రాసి మధ్యాహ్నంలోగా పంపితే, అదే సాయంత్రం సూచన రాసేవారికి అది అందుతుంది.